అడుగున తిరిగే చేపలకు మేత చేరడం లేదు, దారి చెప్పండి

ఇసుకతిన్నె
200 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు, పెట్టి ఏడాది దాటింది. పైన రెండు క్లౌన్ చేపలు, ఒక నీలం డామ్సెల్. అడుగున పసుపు వాచ్‌మన్ గోబీ, స్కూటర్ బ్లెన్నీ, నారింజ చుక్కల ఇసుక గోబీ. అడుగు చేపలకు విడిగా మేత వేయనక్కర్లేదని, పైనుంచి రాలినది తిని బతికేస్తాయని అమ్మినతను చెప్పాడు. రాలేది ఏదీ? డామ్సెల్ ఉన్నంతవరకు ఇసుక మీదికి ఒక్క ముక్క దిగదు. మేత పెంచి చూస్తే నైట్రేట్ (మిగిలిన మేత, మలం కుళ్లి నీటిలో పేరుకునేది) 40 పీపీఎం దాటింది, గాజుకు గోధుమరంగు పొర పట్టింది, స్కూటర్ పొట్ట మాత్రం లోపలికే పోతోంది. ఇసుక గోబీ పొద్దస్తమానం ఇసుక నములుతూనే ఉంటుంది, అయినా చిక్కిపోతోంది. పైవాటిని మాడ్చకుండా, నీళ్లు పాడు చేయకుండా కిందివాటికి తిండి ఎలా చేర్చాలి?

పగడపు_పిచ్చి
రాలినది తిని బతికే చేప అంటూ ఏదీ లేదు. సరుకు వదిలించుకోవడానికి పనికొచ్చే మాట అది.

లవణసాగర్
మీ దగ్గరున్న మూడు అడుగు చేపలూ మూడు రకాలుగా తింటాయి. మూడింటికీ ఒకటే ఉపాయం వెతికితే దొరకదు.

వాచ్‌మన్ గోబీ బొరియ ముఖద్వారంలో కూర్చుని, ఎదురుగా వచ్చినదాన్ని అందుకునే రకం. నోరు పెద్దది, మొహమాటం లేదు. మైసిస్ (గడ్డకట్టించి అమ్మే చిన్న రొయ్యలాంటి జీవులు) గానీ మునిగే గుళికలు గానీ దాని ముఖం ముందు పడితే చాలు. దాని గురించి బెంగ వద్దు.

ఇసుక గోబీ నోటినిండా ఇసుక తీసుకుని, అందులో ఉన్న చిన్న పురుగులను, కంటికి ఆననంత రొయ్యజాతి జీవులను ఏరుకుని, మిగిలిన ఇసుకను మొప్పల గుండా వదిలేస్తుంది. 200 లీటర్ల ట్యాంకులో ఎంత ఇసుక ఉంటుంది? అందులో ఉన్నదంతా ఎప్పుడో తినేసి ఉంటుంది. ఇప్పుడు నములుతున్నది ఖాళీ ఇసుక. పని ఆగదు, కడుపు నిండదు.

అసలు కష్టం స్కూటర్‌ది. బ్లెన్నీ అని పేరు పెట్టి అమ్ముతారు గానీ అది డ్రాగనెట్, మాండరిన్ చేపకు దగ్గరి బంధువు. రాళ్ల మీద, ఇసుక మీద పాకే కోపిపాడ్లను (చుక్కంత ఉండే రొయ్యజాతి జీవులను) ఒక్కొక్కటిగా పొడుచుకుని తింటుంది. నోరు చిన్నది. పొడిచే ముందు ప్రతిదాన్నీ ఆగి పరిశీలిస్తుంది. ఆ పరిశీలన ముగిసేలోగా డామ్సెల్ వచ్చి ఎత్తుకుపోతుంది. రోజంతా కొంచెం కొంచెంగా తినే అలవాటు కాబట్టి పూటకోసారి పెట్టే భోజనం దానికి సరిపడదు.

స్కిమ్మర్_శత్రువు
ఇంత లెక్క ఎందుకు? రెట్టింపు వేయండి. పైవాటి కడుపులు నిండాక మిగిలినది కిందికి వస్తుంది. నైట్రేట్ పెరిగితే నీళ్లు మార్చండి. పగడాలకు కూడా కొంచెం నైట్రేట్ ఉంటేనే రంగు బాగుంటుంది.

అలలమ్మ
డామ్సెల్ కడుపు నిండడం మీరెప్పుడైనా చూశారా?

స్కిమ్మర్_శత్రువు
చూడలేదు. ఒప్పుకుంటున్నాను.

అలలమ్మ
ఇసుకతిన్నె గారూ, రెట్టింపు వేయడం కాదు, చోటు మార్చి వేయాలి. ముందు ట్యాంకులో ఒక మూల నీటిపైన తేలే మేత వేయండి. క్లౌన్‌లు, డామ్సెల్ అటు మూగుతాయి. అదే సమయంలో రెండో మూల సన్నని గట్టి ప్లాస్టిక్ గొట్టాన్ని ఇసుకకు కాస్త పైదాకా దించి, పైచివర నుంచి సిరంజితో కరిగిన మైసిస్‌ను మెల్లగా వదలండి. గట్టిగా నొక్కితే ముక్కలు పైకి లేచి మొదటికొస్తుంది. ప్రవాహపు పంపులు ఆపకుండా ఈ పని చేస్తే మేత వెళ్లేది రాళ్ల వెనక్కి, అక్కడ కుళ్లడానికి. పది నిమిషాలు ఆపితే చాలు.

రాతికింద_రొయ్య
ఆపడం సరే, మళ్లీ వేయడం గుర్తుండాలి కదా. మా ఇంట్లో ఆ పని టైమర్‌కు అప్పగించాం. చాలా పంపుల నియంత్రికల్లో మేత వేళకని ఒక మీట ఉంటుంది, దానంతటదే మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా ప్రవాహం లేకపోతే ఆక్సిజన్ పడిపోయి, పొద్దునకి మేత సమస్యే ఉండదు.

గాజుగోడ
చివరి వాక్యం చదివి నవ్వాలో భయపడాలో తెలియలేదు.

గొట్టం పద్ధతి నేనూ వాడుతున్నాను, బాగా పనిచేస్తుంది. ఒక చిక్కు ఉంది. మా డామ్సెల్ ఇప్పుడు గొట్టాన్ని గుర్తుపడుతుంది. నీటిలోకి దించగానే దాని చివర కాపలా కాస్తోంది. గొట్టం తనకోసమే కనిపెట్టారని దాని నమ్మకం.

పగడపు_పిచ్చి
అలాంటప్పుడు గాజుసీసా పెట్టి చూడండి. అంగుళం, అంగుళంన్నర మూతి ఉన్న చిన్న సీసాను శుభ్రంగా కడిగి, ఇసుకలో పక్కకు పడుకోబెట్టండి. మూతి అంచు ఇసుకతో సమానంగా ఉండాలి. గొట్టంతో మేతను సీసా లోపల వదలండి. డ్రాగనెట్లు పొట్ట కింది రెక్కల మీద నడుచుకుంటూ లోపలికి వెళ్లిపోతాయి. ఈదుతూ తినే చేపలు ఆ ఇరుకు మూతిలోకి దూరడానికి జంకుతాయి. సీసాలో ప్రవాహం ఉండదు కాబట్టి మేత కొట్టుకుపోదు, స్కూటర్ తీరిగ్గా తనిఖీ చేసుకుంటూ తినవచ్చు. మిగిలినదాన్ని అదే సిరంజితో లాగేస్తే నైట్రేట్ గొడవ కూడా తగ్గుతుంది.

కొన్నిటికి సీసా కనిపెట్టడానికే వారం పడుతుంది. మొదటి రోజుల్లో మూతి బయట రెండు ముక్కలు వదిలి దారి చూపాలి.

నిశాచరుడు
సీసా మంచిదే, కానీ అందులోకి చేపల కంటే ముందు వెళ్లేవాళ్లు ఉన్నారు. నస్సారియస్ నత్తలకు వాసన తగిలితే చాలు, ఇసుకలోంచి తొండాలు పైకెత్తి బయల్దేరతాయి. సన్యాసి పీతల సంగతి చెప్పనే వద్దు, పేరుకే సన్యాసులు. సీసా కింద చిన్న రాయి పెట్టి మూతిని వేలెడంత పైకి లేపితే నత్తలు ఆలస్యమవుతాయి. పీతలకు ఏ ఎత్తూ అడ్డు కాదు, వాటికి వేరే మూల ఒక మైసిస్ ముక్క లంచం ఇవ్వాలి.

ఇసుకతిన్నె
సీసా ఆలోచన నచ్చింది, ఇవాళే పెడతాను. మేత విషయంలో ఒక సందేహం. నా దగ్గర గడ్డకట్టిన బ్రైన్ ష్రింప్ (ఉప్పునీటి చిన్న రొయ్య) ఉంది. స్కూటర్ దాన్ని అప్పుడప్పుడు నోట్లో పెట్టుకుంటుంది, సగంసార్లు ఉమ్మేస్తుంది. మైసిస్ అయితే దాని నోటికి పెద్దదిగా ఉంది.

లవణసాగర్
ఎదిగిన బ్రైన్ ష్రింప్‌లో బలం తక్కువ. పోషకాలు కలిపిన రకమైతే కొంత నయం. చేపను తినడానికి అలవాటు చేయడానికి వాడుకోండి, దాని మీదే నిలబెట్టవద్దు. మైసిస్‌లో మాంసకృత్తులు, కొవ్వులు బాగా ఎక్కువ. పెద్దదిగా ఉంటే కరిగించాక బ్లేడుతో తరిగి వేయండి. చేప గుడ్లు, గడ్డకట్టిన సైక్లాప్స్ (ఒక రకం కోపిపాడ్లు) కూడా ఆ నోటికి సరిపోతాయి. ఉమ్మేస్తోందంటే తిననని కాదు, తేల్చుకుంటోంది. ఉమ్మినదాన్నే మళ్లీ తీసుకుంటుంది, డామ్సెల్ తీసుకోకపోతే.

చుక్కలగోబీ
అప్పుడే పొదిగిన బ్రైన్ ష్రింప్ పిల్లల మాట ఎవరూ ఎత్తలేదేం? డ్రాగనెట్‌కు కదిలే మేత కనిపిస్తే ఆగదు. గుడ్లను ఉప్పునీటిలో వేసి, కింది నుంచి గాలి గట్టిగా వదులుతూ 26–28 డిగ్రీల్లో ఉంచితే ఒక రోజులో పొదుగుతాయి. గాలి ఆపి, కింద ఒక పక్క దీపం పెడితే పిల్లలన్నీ వెలుగు వైపు చేరతాయి. పెంకులు పైకి తేలతాయి. మధ్యలోంచి సన్నగొట్టంతో లాగి, మెత్తని జల్లెడలో కడిగి వేయాలి. పెంకులు ట్యాంకులోకి పోనివ్వవద్దు, చిన్న చేపల పేగుల్లో అడ్డం పడతాయి. పెంకు తీసిన గుడ్లు దొరికితే ఆ బెడద ఉండదు.

లవణసాగర్
ఎప్పుడు వేస్తున్నామన్నది కూడా ముఖ్యం. పొదిగిన కొన్ని గంటలపాటే వాటిలో పచ్చసొన ఉంటుంది, బలమంతా అదే. ఆగిన కొద్దీ చేపకు దక్కే బలం తగ్గుతుంది. ఆలస్యంగా వేయాల్సి వస్తే మధ్యలో వాటికి వృక్షప్లవకాలో (నీటిలో తేలే సూక్ష్మమైన నాచు), కొవ్వు ద్రావణమో పెట్టి బలపరచాలి. మొదటిసారి చర్మం విడిచాక గానీ వాటికి నోరు తెరుచుకోదు కాబట్టి అంతకుముందు పెట్టినా లాభం లేదు.

స్కిమ్మర్_శత్రువు
చేపను పెంచడానికి రొయ్యలను పెంచాలి, రొయ్యలను పెంచడానికి నాచును పెంచాలి. మరి మమ్మల్ని పెంచేదెవరు?

అలలమ్మ
మీకు మురికిని నురగగా తీసే స్కిమ్మర్ కప్పు కడగడమే బద్ధకం, ఇక నాచు పెంచుతారా.

నిశాచరుడు
ఇక్కడ అందరూ గొట్టాలు, సీసాలు, గుడ్లు అంటున్నారు. డ్రాగనెట్‌కు ఇవన్నీ పక్క వంటకాలని నా పట్టుదల. ట్యాంకులో కోపిపాడ్లు దండిగా ఉంటే అది రోజంతా తన దారిన తాను మేసుకుంటుంది. లేకపోతే పొద్దున, సాయంత్రం మీరు ఎంత పెట్టినా మధ్యలో ఆకలే. మీ ట్యాంకులో ఉన్నాయో లేదో తెలుసుకోవాలంటే దీపాలు ఆరిపోయిన గంటకు టార్చి పట్టుకుని గాజు దగ్గరికి వెళ్లండి. తెల్లని చుక్కలు గాజు మీద కుదుపులతో పరుగెడుతుంటే ఉన్నట్టు. గాజు నున్నగా, ఖాళీగా ఉంటే మీ స్కూటర్ ఎందుకు చిక్కిందో తెలిసిపోయినట్టే.

గాజుగోడ
ఏ రకం కోపిపాడ్లు వేయాలి? వాటిని అమ్మే సీసాల మీద రెండు మూడు పేర్లు ఉంటున్నాయి.

నిశాచరుడు
టిగ్రియోపస్ పెద్దది, ఎర్రగా ఉంటుంది, కుదుపులతో ఈదుతుంది. కంటికి కనబడుతుంది కాబట్టి చేపలన్నీ ఆశగా తింటాయి, పైవాళ్లతో సహా. సముద్రపు ఒడ్డున రాతి గుంటల్లో ఉండే జీవి అది, రీఫ్ (పగడాల) ట్యాంకులో నిలదొక్కుకోవడం అరుదు. దాన్ని మేతగా లెక్కించండి. టిస్బే చిన్నది, రాళ్ల సందుల్లో, ఇసుకలో పాకుతుంది, ట్యాంకులోనే పిల్లలు పెడుతుంది. అది విత్తనం. రెండూ కలిపి వేస్తే మంచిది. వేసేది మాత్రం రాత్రి, పంపులు ఆపి, గొట్టంతో రాళ్ల అడుగున. పగలు పైనుంచి పోస్తే అది డామ్సెల్‌కు విందు.

రాతికింద_రొయ్య
విత్తనం వేస్తే చాలదు, పెరిగే చోటు కూడా కావాలి. సంప్ (ట్యాంకు నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకి వెళ్లే రెండో తొట్టి) ఉంటే అందులో కీటోమార్ఫా నాచుతో రెఫ్యూజియం పెట్టండి. చేపలు రాని గది కాబట్టి కోపిపాడ్లు నిశ్చింతగా పెరిగి పంపు ద్వారా పైకి వస్తుంటాయి. దాని దీపం రాత్రిపూట వెలిగిస్తే పెద్ద ట్యాంకులో దీపాలు లేని వేళ పీహెచ్ పడిపోవడం తగ్గుతుంది. నాచు నైట్రేట్, ఫాస్ఫేట్ లాక్కుంటుంది, అప్పుడప్పుడు కోసి పారేస్తుంటే ఆ రెండూ బయటికి పోయినట్టే. సంప్ లేకపోతే ట్యాంకు వెనక మూల చచ్చిన పగడపు ముక్కలు కుప్పగా పోయండి. సందుల్లోకి చేప మూతి దూరకూడదు, అంతే.

పగడపు_పిచ్చి
నిశాచరుడు గారి మాటలో సగం నిజం. 200 లీటర్లలో ఒక డ్రాగనెట్ తినేంత వేగంగా కోపిపాడ్లు పుట్టాలంటే రాయి చాలా ఉండాలి, పోటీ ఉండకూడదు. మాండరిన్‌కు 75 గ్యాలన్లు, అంటే సుమారు 280 లీటర్ల పాతబడిన ట్యాంకు ఉండాలని అభిరుచి ఉన్నవాళ్లలో ఎప్పటినుంచో ఒక లెక్క ఉంది. ఆ అంకెను వేదంలా పట్టుకోనక్కర్లేదు, రాయి ఎంత, వయసెంత అన్నదే అసలు కొలత. అయినా చిన్న ట్యాంకులో కోపిపాడ్లు ఒక్కటే దిక్కు అంటే నేను ఒప్పుకోను. సీసా కూడా కావాలి, కోపిపాడ్లూ కావాలి.

నిశాచరుడు
సీసా వద్దని నేననలేదు. దాన్నే నమ్ముకుని నాలుగు రోజులు ఊరెళ్లవద్దని అంటున్నాను.

కొత్తనీరు
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. నాది 80 లీటర్ల ట్యాంకు, పెట్టి రెండు నెలలు. మాండరిన్ చేప రంగులు చూసి మనసు పడ్డాను. సిక్స్‌లైన్ రాస్ ఒకటి ఇప్పటికే ఉంది. సీసా పెట్టి మాండరిన్‌ను పెంచవచ్చా?

అలలమ్మ
వద్దు.

లవణసాగర్
అలలమ్మ గారి జవాబుకు కొంచెం వివరణ. రెండు నెలల ట్యాంకులో కోపిపాడ్లు ఇంకా స్థిరపడవు. ఉన్న కాసిన్నింటినీ సిక్స్‌లైన్ రాస్ రోజంతా అదే పనిగా వెతికి తింటుంది. మాండరిన్‌కు మిగిలేది రంగులే. సముద్రంలో పట్టి తెచ్చిన మాండరిన్లు చాలామటుకు గడ్డకట్టిన మేతను మేతగానే గుర్తించవు. ట్యాంకుల్లో పుట్టి పెరిగినవి దొరికితే అవి చిన్నప్పటి నుంచే గుళికలు, చేప గుడ్లు తినడం అలవాటై ఉంటాయి. ఏడాది తర్వాత, పెద్ద ట్యాంకులో, అలాంటిదాన్ని చూసుకోండి. ఏదైనా కొనే ముందు మీ కళ్లముందే మేత వేయించండి. తినకపోతే ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

కొత్తనీరు
అయితే 80 లీటర్లకు అడుగున తిరిగేది ఏదైనా ఉందా, లేక నత్తలతో సరిపెట్టుకోవాలా?

రాతికింద_రొయ్య
వాచ్‌మన్ గోబీ, దానికి జోడీగా ఒక పిస్టల్ రొయ్య. రొయ్యకు చూపు ఆనదు, బొరియ తవ్వుతూ ఒక మీసాన్ని ఎప్పుడూ గోబీ ఒంటి మీద ఆనించి ఉంచుతుంది. గోబీ తోక ఆడిస్తే ప్రమాదమని అర్థం, ఇద్దరూ లోపలికి. మేతకు ఇంతకన్నా సులువైన జత లేదు. బొరియ ద్వారం దగ్గర గొట్టంతో నాలుగు మైసిస్ వదిలితే చాలు. మా గోబీ పెద్ద ముక్క దొరికితే బొరియలోకి తీసుకెళ్లి ఉమ్మేస్తుంది, రొయ్య అందుకుంటుంది. అది ప్రేమో, నోట్లో పట్టకపోవడమో నాకు తెలియదు. రాళ్లను మాత్రం ఇసుక మీద కాకుండా నేరుగా గాజు మీద నిలబెట్టండి, రొయ్య కింద తవ్వేస్తే కూలతాయి. పైన జాలీ మూత తప్పనిసరి, గోబీలు దూకుతాయి.

కొత్తనీరు
రాస్ గురించి బెంగ పడాలా?

రాతికింద_రొయ్య
అది ముందుగా ట్యాంకును తనదనుకుంది కాబట్టి కొత్తవాడిని కొన్నాళ్లు తరుముతుంది. రాస్‌కు అటు చివర మేత వేసి, ఇటు చివర బొరియకు పెట్టండి. గోబీ బయటికి రావడమే మానేస్తే అప్పుడు ఆలోచించాలి.

చుక్కలగోబీ
ఇసుకతిన్నె గారి ఇసుక గోబీని అందరూ మరిచిపోయారు. నా దగ్గర ఆ జాతిదే ఉంది, పెద్ద ట్యాంకులో. దాని నోరు ఇసుకకు అలవాటు పడింది కాబట్టి మేత కూడా ఇసుకలోనే ఉండాలి. గొట్టం చివరను ఇసుకలో కొంచెం గుచ్చి మైసిస్‌ను వదలండి. పైన వేసినది పట్టించుకోనిది కూడా, ఇసుకలో దొరికితే తింటుంది. రోజుకు మూడుసార్లయినా పెట్టాలి. ఇసుక రేణువు సన్నగా ఉండాలి, ముతక ఇసుక మొప్పల్లోంచి జారదు. అయినా ముక్కుసూటిగా చెప్పాలంటే 200 లీటర్లు ఆ చేపకు చాలవు. మేతకు అలవాటు పడకపోతే పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇచ్చేయడం మేలు.

అలలమ్మ
అది తింటుందో లేదో కాదు, తిన్నది ఒంటికి పడుతుందో లేదో చూడండి. పక్క నుంచి చూస్తే తెలియదు. ఎదురుగా గానీ పైనుంచి గానీ చూడాలి. తల వెనక వీపు నొక్కుకుపోయి, పొట్ట రెండు పక్కలా లోపలికి గుంటపడితే ఆకలి ముదిరినట్టు. బాగా తింటూ కూడా చిక్కిపోతూ, తెల్లని దారంలాంటి మలం వేలాడుతుంటే పేగుల్లో పరాన్నజీవులు ఉండవచ్చు, అప్పుడు మేత పెంచి లాభం లేదు. వేరే ట్యాంకులోకి మార్చి వైద్యం చేయాలి. పెద్ద ట్యాంకులో రాగి మందు మాత్రం పోయవద్దు, రొయ్యలు, నత్తలు, మీరు కష్టపడి వేసిన కోపిపాడ్లు, అన్నీ పోతాయి.

స్కిమ్మర్_శత్రువు
నైట్రేట్ సంగతి కూడా అడిగారు కదా. గడ్డకట్టిన మేతను జల్లెడలో కడిగి ఆ నీళ్లు పారబోస్తే ఫాస్ఫేట్ సగం తగ్గుతుందని చాలామంది చేస్తుంటారు. నిజమేనా?

లవణసాగర్
కడగడం తప్పు కాదు, కానీ ఫాస్ఫరస్‌లో ఎక్కువ భాగం ఉండేది మేత ఒంట్లోనే. కరిగిన నీటిలో పోయేది కొంచెమే. తినకుండా మిగిలిన ముక్కలను తీసేయడం అంతకన్నా ఎన్నో రెట్లు మేలు. కడిగితే వచ్చే అసలు లాభం వేరే: పిండిలాంటి తుక్కు పోతుంది, గొట్టంలోంచి ముక్కలు విడివిడిగా దిగుతాయి.

ఇసుకతిన్నె
కొత్త కబురు. ఇసుక గోబీని పెద్ద రీఫ్ ట్యాంకు ఉన్న మిత్రుడు తీసుకున్నాడు. స్కూటర్‌కు సీసా తెలిసిపోయింది, గొట్టం దించగానే నడుచుకుంటూ వచ్చి మూతి దగ్గర నిలబడుతోంది. పొట్ట ఇంకా గుండ్రంగా రాలేదు గానీ గుంట పూడింది. టిస్బే వేశాను, వెనక మూల పగడపు ముక్కల కుప్ప కూడా పోశాను. టార్చి వేస్తే గాజు మీద చుక్కలు కనబడుతున్నాయి. మేత తగ్గించడంతో నైట్రేట్ దిగుతోంది. ఇక మిగిలింది డామ్సెల్. దాన్ని తీసేద్దామని ఉంది, రాళ్లన్నీ పీకకుండా పట్టే మార్గం ఎవరికైనా తెలుసా?

గాజుగోడ
వల మాట మరిచిపోండి. వల చూసిన డామ్సెల్ మళ్లీ రాళ్లలోంచి రాదు.

నిశాచరుడు
దీపాలు ఆరిన తర్వాత అది రోజూ ఒకే సందులో నిద్రపోతుంది. ఆ రాయి ఒక్కటి తీస్తే దానితోపాటు బయటికి వస్తుంది.

ఇసుకతిన్నె
పడుకునేది అన్నిటికన్నా అడుగున ఉన్న రాయి కింద. పైగా ఇవాళ ఇంకో వింత. స్కూటర్ తింటుండగా చూసి చూసి, డామ్సెల్ కూడా సీసాలోకి వెళ్లడం మొదలుపెట్టింది. లోపలే నిలబడి తింటోంది.

అలలమ్మ
ఇంకేం, మూత పెట్టి బయటికి తీయండి. ముందు స్కూటర్ బయట ఉందో లేదో చూసుకోండి.